వైద్య సిబ్బంది కొరత: ఎందరున్నారన్న లెక్కకు అందని సమస్య

2014లో దేశం మొత్తం మీద 387 వైద్య కళాశాలలు, సుమారు 51 వేల ఎంబీబీఎస్ సీట్లు ఉండేవి. పదేళ్లు తిరిగేసరికి కళాశాలలు 780కి, సీట్లు దాదాపు లక్షా పద్దెనిమిది వేలకు చేరాయి. తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త కళాశాలలను ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలా అన్న వాదన 2025లో రాజకీయాలను వేడెక్కించింది. ఇవన్నీ చదివిన పాఠకుడు జిల్లా పేజీ తిప్పగానే మరో రకం వార్త ఎదురవుతుంది: మత్తు డాక్టరు లేక కాన్పు కేసును పెద్దాసుపత్రికి పంపారనో, పిల్లల డాక్టరు పోస్టు ఏళ్లుగా ఖాళీగా ఉందనో. కేంద్ర ఆరోగ్య శాఖ వెలువరించిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన నిపుణులలో 79.5 శాతం కొరత ఉంది. అంటే ఐదుగురు స్పెషలిస్టులు కావలసిన చోట ఒక్కరే ఉన్నారు.

రెండు వార్తలూ నిజమే. డాక్టర్ల సంఖ్య పెరగడం వేరు, రోగి ముందు సరైన మనిషి కూర్చోవడం వేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే ప్రయత్నాలనే ఆరోగ్య సిబ్బందిని బలోపేతం చేయడం, అందులో వైవిధ్యం తేవడం అని నిపుణులు పిలుస్తున్నారు. బలోపేతం అంటే చాలినంత మందిని తయారు చేసి, శిక్షణ ఇచ్చి, కావలసిన చోట నిలబెట్టుకోవడం. వైవిధ్యానికి రెండు అర్థాలున్నాయి. మొదటిది, అన్ని పనులనూ డాక్టరు నెత్తినే పెట్టకుండా నర్సులు, మంత్రసానులు, ఆరోగ్య కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్లు వంటి పలు రకాల వృత్తులవారికి పంచడం. రెండవది, ఆ సిబ్బంది అన్ని ప్రాంతాల నుంచి, భాషల నుంచి, సామాజిక వర్గాల నుంచి వచ్చేలా చూడడం. చర్చల్లో ఈ రెండర్థాలూ తరచూ కలిసిపోతుంటాయి కనుక ఇక్కడ వాటిని విడదీసి చూద్దాం.

834 మందికి ఒక డాక్టరు అనే అంకె ఎలా తయారైంది

మన దేశంలో 834 మందికి ఒక డాక్టరు ఉన్నాడని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ లెక్క కట్టిన తీరు తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది. 2022 నాటికి వైద్య మండళ్ల రిజిస్టర్లలో దాదాపు 13.08 లక్షల మంది అల్లోపతి వైద్యుల పేర్లున్నాయి. వారిలో 80 శాతం మంది అందుబాటులో ఉన్నారని ఊహించి, 5.65 లక్షల మంది ఆయుష్ వైద్యులను కలిపితే వచ్చిన నిష్పత్తి అది. ఆయుష్ వైద్యులను పక్కన పెడితే ఒక్కో డాక్టరుకు వచ్చే జనం వెయ్యి దాటిపోతారు. పైగా రిజిస్టరులో పేరున్న డాక్టరు అమెరికాలో ఉండవచ్చు, వృత్తి మానేసి ఉండవచ్చు, కన్నుమూసి కూడా ఉండవచ్చు. ఆ 80 శాతం ఒక అంచనా మాత్రమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పిన ప్రమాణం మరో విధంగా ఉంటుంది. అది డాక్టర్లను విడిగా లెక్కించదు. డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు కలిపి ప్రతి పది వేల మందికి 44.5 మంది ఉండాలంటుంది. ఆరోగ్య సేవ ఒక జట్టు చేసే పని అన్న అవగాహన ఆ కలిపి లెక్కించడంలోనే ఉంది. అదే సంవత్సరం ఆ సంస్థ 2001 జనగణన వివరాలను విశ్లేషించి వెలువరించిన నివేదికలో, గ్రామీణ ప్రాంతాల్లో తాము అల్లోపతి డాక్టర్లమని చెప్పుకున్నవారిలో 18.8 శాతం మందికే వైద్య విద్యార్హత ఉందని తేలింది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అన్న మాట ఎందుకంత వాడుకలో ఉందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఒక పీహెచ్‌సీ, ఇద్దరు డాక్టర్లు, బీపీ మాత్రలు

జాతీయ సగటులను వదిలి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని (పీహెచ్‌సీ) తీసుకుందాం. మైదాన ప్రాంతంలో నిబంధన ప్రకారం దాని కింద ముప్పై వేల జనాభా ఉంటుంది. అందులో పదిహేనేళ్లు దాటినవారు సుమారు 22,500 మంది అనుకుందాం. వారిలో నలుగురికి ఒకరు చొప్పున రక్తపోటు ఉందనుకుంటే (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రెండు రాష్ట్రాలకు చూపిన స్థాయికి ఇది దగ్గరగానే ఉంటుంది) 5,600 మంది అవుతారు. వీరంతా నెలకొకసారి డాక్టరును కలవాలంటే, నెలలో 25 పనిదినాలకు రోజుకు 224 మంది. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లుంటే ఒక్కొక్కరి వంతు 112 మంది. మనిషికి అయిదు నిమిషాలే కేటాయించినా తొమ్మిది గంటలు దాటుతుంది. అది కూడా బీపీ ఒక్కదానికే. షుగరు, గర్భిణుల పరీక్షలు, టీబీ, కుక్కకాటు, జ్వరాలు ఇంకా మొదలే కాలేదు.

ఇప్పుడు పనిని విడగొట్టి చూద్దాం. మందు కుదిరి నిలకడగా ఉన్న రోగి ఆరు నెలలకొకసారి డాక్టరును కలిస్తే చాలనుకుందాం. మిగతా నెలల్లో తన ఊరి సబ్ సెంటర్‌లోనే బీపీ చూపించుకుని మాత్రలు తీసుకుంటాడు. అప్పుడు డాక్టరు ముందుకు రోజుకు పంతొమ్మిది మంది వస్తారు, ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇవ్వవచ్చు. అయిదు వేల జనాభాకు ఒకటి చొప్పున ఉన్న ఆరు సబ్ సెంటర్లలో ఒక్కోచోట రోజుకు 31 మంది వస్తారు, మనిషికి అయిదు నిమిషాలైనా రెండున్నర గంటల పని. డాక్టర్ల సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు, రోగికి దొరికిన సమయం మాత్రం రెట్టింపయింది.

ఈ ఏర్పాటు కాగితం మీది ఊహ కాదు. 2018లో మొదలైన ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాల పథకం ఆధారపడింది ఈ లెక్క మీదనే. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి విలేజ్ హెల్త్ క్లినిక్కులుగా వచ్చాయి. నర్సింగ్ చదివి, సమాజ ఆరోగ్యంలో ఆరు నెలల అదనపు శిక్షణ పొందినవారిని అక్కడ నియమించారు. మన దగ్గర వీరిని ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు) అనీ సీహెచ్‌ఓ (సమాజ ఆరోగ్య అధికారి) అనీ పిలుస్తున్నారు. అనుమానం వస్తే ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో వీడియోలో మాట్లాడించే వెసులుబాటు ఉంది. అయితే పై లెక్క మొత్తం ఒక షరతు మీద నిలబడి ఉంది. సబ్ సెంటరులో ఆ మనిషి రోజూ ఉండాలి, అలమరలో మాత్రలు ఉండాలి. రెండు నెలలు మాత్రలు అందకపోతే రోగి తిరిగి పీహెచ్‌సీ వరుసలోకో, ఆర్‌ఎంపీ దగ్గరకో వెళ్తాడు. ఒకసారి పోయిన నమ్మకం అంత తేలిగ్గా తిరిగి రాదు.

ఊయలలో తూకం, నిమిషం పాటు లెక్కించిన ఊపిరి

తక్కువ చదువున్న కార్యకర్తకు పని అప్పగిస్తే నాణ్యత పడిపోదా అన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి అన్నింటికన్నా బలమైన సమాధానం మహారాష్ట్రలోని గడ్చిరోలి నుంచి వచ్చింది. మన ఆదిలాబాద్ సరిహద్దుల వైపు అడవుల్లో ఉన్న ఆ జిల్లాలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్ పల్లె స్త్రీలకు నవజాత శిశువుల సంరక్షణలో శిక్షణ ఇచ్చారు. ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వారు ప్రకటించారు. దేశమంతటా ఆశా కార్యకర్తలు 2011 నుంచి చేస్తున్న ఇంటింటి నవజాత శిశు సంరక్షణకు బీజం అక్కడే పడింది.

ఆ పని దగ్గరగా చూస్తే ఎంత సూక్ష్మమైనదో అర్థమవుతుంది. ఆసుపత్రిలో కాన్పు అయిన బాలింత ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, మొత్తం ఆరుసార్లు వెళ్లాలి. చేతులు కడుక్కుని, చంకలో థర్మామీటరు పెట్టి ఒంటి వేడి చూస్తుంది. బిడ్డను గుడ్డ ఊయలలో పడుకోబెట్టి, వేలాడే త్రాసుతో తూకం వేస్తుంది. తరువాత బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకి జరిపి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కిస్తుంది. అరవై గాని అంతకు మించి గాని వస్తే మళ్లీ లెక్కించాలి. రెండోసారీ అంతే ఉంటే, లేదా డొక్కలు లోపలికి లాక్కుంటుంటే, బిడ్డను వెంటనే ఆసుపత్రికి పంపాలి. అర నిమిషం లెక్కించి రెండింతలు చేస్తే సరిపోదు, ఎందుకంటే పసిబిడ్డల ఊపిరి ఒక్కలా సాగదు. ఇది పెద్ద చదువు అవసరం లేని పని, కాని ఓపిక, క్రమం, పర్యవేక్షణ తప్పనిసరిగా కావలసిన పని. పని పంచడం ఫలించిన ప్రతిచోటా ఈ మూడూ ఉన్నాయి.

మధ్యస్థాయి వైద్యులపై ఎనభై ఏళ్ల వాదన

కార్యకర్తలకు సంరక్షణ అప్పగించడం మీద పెద్దగా అభ్యంతరాలు లేవు. మందు రాసే అధికారం దగ్గరే అసలు తగవు మొదలవుతుంది. దేశ ఆరోగ్య సేవలను సమీక్షించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి దేశంలో 47,524 మంది రిజిస్టర్డ్ వైద్యులుంటే, వారిలో 29,870 మంది లైసెన్షియేట్లు, అంటే డిగ్రీ కన్నా తక్కువ కాలం చదివి వైద్యం చేసేవారు. ఇకపై ఒకే స్థాయి డాక్టరు ఉండాలని కమిటీలో అధిక సంఖ్యాకులు నిర్ణయించారు. ఇంత పెద్ద దేశానికి అంతమంది పట్టభద్ర వైద్యులు ఎప్పటికి తయారవుతారని ఆరుగురు సభ్యులు భిన్నాభిప్రాయం రాశారు. ఆ ఆరుగురి ప్రశ్న ఇప్పటికీ మన ముందుంది.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన కొత్తలో, 2001లో, మూడేళ్ల వైద్య కోర్సు ప్రారంభించింది. వ్యతిరేకత వల్ల కోర్సు మూతపడినా, చదివి బయటకు వచ్చినవారిని గ్రామీణ వైద్య సహాయకులుగా పీహెచ్‌సీలలో నియమించారు. తరువాత జరిగిన ఒక అధ్యయనం అక్కడి పీహెచ్‌సీలలో సాధారణంగా వచ్చే జబ్బుల విషయంలో వీరి సామర్థ్యాన్ని ఎంబీబీఎస్ డాక్టర్లతో పోల్చి, ఇద్దరూ దాదాపు సమానమేనని తేల్చింది. అస్సాం కూడా 2004లో చట్టం చేసి ఇటువంటి డిప్లొమా పెట్టింది. కాని వైద్య విద్య ప్రమాణాలను నిర్ణయించే అధికారం రాష్ట్రానికి లేదంటూ గౌహతి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. మరోవైపు 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ ప్రాథమిక, నివారణ వైద్యంలో పరిమిత లైసెన్సుతో సమాజ ఆరోగ్య సేవకులను అనుమతిస్తోంది.

భారతీయ వైద్య సంఘం వాదన సూటిగా ఉంటుంది: పట్నవాసికి పూర్తి డాక్టరు, పల్లెవాసికి సగం డాక్టరు అనడం అన్యాయం, రోగాన్ని మొదట్లోనే గుర్తించడానికే ఎక్కువ చదువు కావాలి. ఈ వాదనలో నైతిక బలం ఉంది. అవతలి పక్షం అడిగేది కూడా తోసిపుచ్చలేనిది: పల్లెవాసికి ఇప్పుడు దొరుకుతున్నది పూర్తి డాక్టరు కాదు, ఏ చదువూ లేని ఆర్‌ఎంపీ, కాబట్టి పోలిక వారితో పెట్టాలి. ఆర్‌ఎంపీలకే శిక్షణ ఇస్తే ఏమవుతుందో పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్‌లో పరిశీలించారు. తొమ్మిది నెలల శిక్షణ తరువాత వారు రోగిని సరిగా చూసే తీరు మెరుగుపడింది, కాని అనవసరపు యాంటీబయాటిక్కులు రాయడం తగ్గలేదు. మందు అమ్మితేనే ఆదాయం వచ్చే మనిషికి పాఠం ఒక్కటే చాలదు. ఛత్తీస్‌గఢ్ సహాయకుడు జీతం మీద, డాక్టరు పర్యవేక్షణలో పనిచేశాడు. నా దృష్టిలో ఈ వాదనను తేల్చవలసింది కోర్సు మూడేళ్లా అయిదేళ్లా అన్నది కాదు, ఆ మనిషి ఎవరి పర్యవేక్షణలో, ఏ ఆదాయం మీద పనిచేస్తున్నాడన్నది.

కాన్పు గదిలో ఎవరుండాలి

తెలంగాణలో ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో ఇదే అత్యధికం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశ సగటు 21.5 శాతం. ఇక్కడ కొరత డాక్టర్లది కాదు. గంటల తరబడి నొప్పులు పడే తల్లి పక్కన ఓపికగా కూర్చుని, సహజంగా పురుడు పోయగల నిపుణురాలి కొరత.

అందుకే 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి ముప్పై మంది నర్సులకు పద్దెనిమిది నెలల మంత్రసాని శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది కేంద్రం దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. సంపన్న దేశాల్లో జరిగిన అధ్యయనాలు మంత్రసానుల ఆధ్వర్యంలోని కాన్పుల్లో అనవసర జోక్యాలు తగ్గుతాయని, తల్లులు ఎక్కువ తృప్తిగా ఉంటారని చూపాయి. అయితే ఇదంతా పిలిస్తే వెంటనే వచ్చే ప్రసూతి వైద్యురాలు, రక్తనిధి ఉన్నచోట మాట. మంచి ముహూర్తానికి కోత అడిగే కుటుంబాలను శిక్షణ పొందిన ఒక్క నర్సు మార్చలేదన్న మాట కూడా నిజమే.

పానం బాలేదంటే ఏమిటో తెలిసినవారు

ఇక వైవిధ్యానికి రెండో అర్థం. జలుబును ఒకరు పడిశమంటారు, ఒకరు రొంప అంటారు, తెలంగాణలో సర్ది అంటారు. నెత్తి నొస్తందన్నా, కడుపులో దేవుతోందన్నా, కళ్లు బైర్లు కమ్మాయన్నా తెలుగు తెలిసిన డాక్టరు లక్షణాన్ని వెంటనే పట్టుకుంటాడు. పానం బాలేదని మాత్రమే అని ఊరుకున్న ముసలమ్మను ఇంకేం అడగాలో ఆ మాట విని పెరిగినవారికే తెలుస్తుంది. తెలుగువారి మధ్యే ఇంత తేడా ఉంటే, సీతంపేట కొండల్లోని సవర తల్లికి, ఉట్నూరు గూడేల్లోని గోండు వృద్ధుడికి మైదానం నుంచి వచ్చిన తెలుగు డాక్టరు ఎంత పరాయివాడో ఊహించవచ్చు. డాక్టరు వేసిన ప్రశ్న అర్థం కాక రోగి తలూపితే, ఆ తల ఊపడమే కేస్ షీటులో సమాధానంగా నమోదవుతుంది.

రోగి, వైద్యుడు ఒకే సమూహం వారైతే ఫలితం మారుతుందా అన్నదానిపై అమెరికాలోని ఓక్లాండ్‌లో ఒక ప్రయోగం జరిగింది. సుమారు 1,300 మంది నల్లజాతి పురుషులకు లాటరీ పద్ధతిలో డాక్టర్లను కేటాయించారు. నల్లజాతి డాక్టరుతో మాట్లాడినవారు షుగరు, కొలెస్టరాల్ వంటి రక్త పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారు. ఇది ఒక నగరంలో, పురుషుల మీద మాత్రమే జరిగిన ప్రయోగం కనుక దాన్ని మన గూడేలకు యథాతథంగా అన్వయించలేం. గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులే పల్లెల్లో పనిచేసే అవకాశం ఎక్కువ అన్నదానికి మాత్రం చాలా దేశాల నుంచి ఆధారం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనూ 2021లోనూ ఇచ్చిన సిఫార్సుల్లో దీనికి చోటిచ్చింది. తమిళనాడు 2020 నుంచి వైద్య సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ బడుల్లో చదివినవారికి కేటాయిస్తోంది.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ఊరి మనిషి అయినంత మాత్రాన ఊరందరి మనిషి కాదు. ఆశా తమ వాడకు వెళ్లినంత తరచుగా పక్క వాడకు వెళ్లకపోవచ్చు. టీబీ, హెచ్‌ఐవీ వంటి విషయాలు పక్కింటి మనిషికి తెలియడం కన్నా పరాయి డాక్టరుకు చెప్పుకోవడమే నయమనుకునే రోగులున్నారు.

స్థానికులకు పోస్టులు: చట్టం ఎక్కడ అడ్డుపడుతుంది

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 తెచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమంటూ 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అది బడుల విషయమే అయినా, ఏజెన్సీలో ఆరోగ్య పోస్టులను పూర్తిగా స్థానికులకే కేటాయించాలనే ఆలోచనకు కూడా ఆ తీర్పు హద్దు గీస్తుంది. స్థానిక భాష తెలిసినవారికి ప్రాధాన్యం ఇవ్వడం ఒకటి, బయటివారిని పూర్తిగా తప్పించడం మరొకటి.

అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన మరో తీర్పులో, ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని అదే కోర్టు చెప్పింది. పీహెచ్‌సీ డాక్టరును పల్లెలో నిలబెట్టే ఆకర్షణల్లో ఈ సర్వీస్ కోటా ముఖ్యమైనది. దాన్ని తగ్గించినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్‌లో పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు. కోటాలో పీజీ చేసినవారంతా స్పెషలిస్టులై వెళ్లిపోతే పీహెచ్‌సీలో ఎవరు మిగులుతారన్న ప్రభుత్వ ప్రశ్న కూడా కొట్టిపారేయదగినది కాదు.

పని పెరిగింది, హోదా పెరిగిందా

పని పంచడమంటే చౌకగా చేయించుకోవడమే అనే విమర్శ ఎక్కువగా వినిపించేది ఆశాల నుంచే. 2005లో వారిని స్వచ్ఛంద కార్యకర్తలుగా తీసుకున్నారు, ఆ పేరు ఇప్పటికీ మారలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని దాదాపు పది లక్షల మంది ఆశాలను పురస్కారంతో గౌరవించింది. ఆంధ్రప్రదేశ్‌లో వారి గౌరవ వేతనం నెలకు పది వేలు. 2025లో ఆ రాష్ట్రం గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించింది. జీతం అన్న మాటను మాత్రం ఏ ప్రభుత్వమూ వాడలేదు. వాడితే అదే లెక్కన మిగతా పథకాల కార్యకర్తలందరికీ ఇవ్వాల్సి వస్తుందన్నది ప్రభుత్వాల భయం. ఆ భయం ఖజానా వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది, అర్ధరాత్రి గర్భిణిని అంబులెన్సులో ఎక్కించి వెంట వెళ్లే ఆడమనిషి వైపు నుంచి చూస్తే అర్థం కాదు.

నర్సుల విషయంలో రోగి ప్రాణానికే లెక్క ఉంది. తొమ్మిది ఐరోపా దేశాల ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం 2014లో చూపిందేమంటే, ఒక్కో నర్సు మీద అదనంగా ఒక్క రోగి భారం పడినా, శస్త్రచికిత్స అయినవారిలో మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుంది. మన సాధారణ వార్డుల్లో ఒక్క సిస్టరు ఎన్ని మంచాలు చూసుకుంటోందో రోగికి తోడుగా పడుకున్న ప్రతివారికీ తెలుసు.

ఇక పై మెట్టు ఎక్కే దారి. ఏజెన్సీ గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి రెండేళ్ల ఏఎన్‌ఎం కోర్సు చేసి సబ్ సెంటరులో చేరిందనుకుందాం. అక్కడి భాష ఆమెదే, కొండదారులన్నీ ఆమెకు తెలుసు. ఆమె డిగ్రీ నర్సు కావాలంటే మళ్లీ మూడేళ్లు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), ఆపైన రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవాలి. అంటే ఏడేళ్ల చదువు. ఇంటర్ తరువాత నేరుగా బీఎస్సీ నర్సింగులో చేరిన పట్నం విద్యార్థికి అదే డిగ్రీ నాలుగేళ్లలో వస్తుంది. ఏఎన్‌ఎంగా గడిపిన సంవత్సరాలను, పోసిన పురుళ్లను, వేసిన టీకాలను ఈ నిచ్చెన లెక్కలోకి తీసుకోదు.